సరిగమల తొక్కుడు బిళ్ల

మానుకోట,
5 జులై 1969

అత్తా,

నువ్వు బస్సెక్కి భూపాలపల్లికి పోయిన మర్నాడే నీ సంగీతం పిల్లలు నా ప్రాణం తీయడం మొదలుపెట్టారు. నిర్మల వదిన కాన్పుకి తనే తల్లి దగ్గరికి, ఇక్కడికి రావాలి కదా, బస్సులు సరిగ్గా లేవని నువ్వు ఎదురు పోవాల్సి వచ్చింది. నీ సంగీతం క్లాసు నా మెడకి చుట్టుకుంది. హైదరాబాద్‌లో తెలంగాణ గొడవల్లో మూసేసిన మా స్కూల్ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇవాళే పారిపోయేదాన్ని.

నువ్వు చెప్పినట్టే ముందటి అర్రలో చాప వేశాను. హార్మోనియం తీశాను. వరసగా కూర్చోబెట్టి "స" అన్నాను. ఒక్కరూ నోరు తెరవలేదు. స్టేషన్ మాస్టారి కొడుకు లక్ష్మణ్ లేడూ, వాడు నన్ను కిందికీ పైకీ చూసి, "అక్కా, సరోజనమ్మ ఎప్పుడొస్తది? నీకు పాడరాదు గద" అన్నాడు. చిన్నది సమ్మక్క చాప అంచు పీకుతూ కూర్చుంది. సంజీవ నిద్రపోయాడు. నాకు పదిహేనేళ్లు అత్తా. ఇంగ్లీష్ పద్యాలు అప్పజెప్పమంటే అప్పజెబుతాను. పిల్లల్ని అదిలించడం నాకు చేతకాదు.

బాపు గురించి నీకు చెప్పాలి. నిన్న అన్నం తింటూ అమ్మతో అన్నాడు: "యూరియా లారీ వస్తంది. దుకాన్ల జాగ లేదు. పిల్లలొస్తే రానీ, నేనేం అడ్డం చెప్ప. రాకపోతే ఆ అర్ర ఖాళీయే గద." అమ్మ ఇంకో గరిటె పప్పు వడ్డించింది. బాపుతో మాట్లాడాలంటే నాకెంత భయమో నీకు తెలుసు.

నువ్వు తొందరగా వస్తే బాగుండు.

నీ మేనకోడలు,
ఊర్మిళ


భూపాలపల్లి,
12 జులై 1969

ఊర్మిళా,

నీ ఉత్తరం అందింది. బళ్లె పుస్తకం లెక్క రాస్తవేందే? ఇంట్ల మాట్లాడినట్టు రాయరాదా? సరే, నీ బడి నీకు గట్ల నేర్పింది, నేనేం జేస్త.

నిర్మల కాళ్లు వాచినయి. దవాఖాన పరకాలల ఉంది, నడుమ వాగు ఉంది, వాగుల నీళ్లున్నయి. అల్లుడు శ్రీపాల్ ఫారెస్టు ఆఫీసుకు పోతే చీకటైనంక గాని రాడు. నేను ఏడికీ కదలలేను.

ఇగ పిల్లల సంగతి. నువ్వు నవ్వినవు గావచ్చు. నవ్వితే అయిపాయె. మూతి బిగించుకొని కూసో. సరళీ స్వరాలు మొదటి వరస, మల్ల మొదటి వరస, మల్ల అదే. వాళ్లకు ఇసుగు రావాలె, నీకు రావద్దు. లక్ష్మణ్ కిక్కురుమంటే నా పేరు చెప్పు. నేను గిట్లనే నేర్చుకున్న, గిట్లనే నేర్పిన. దీంట్ల కొత్తగ కనిపెట్టేది ఏం లేదు.

బిడ్డా, ఒక్క మాట. నీకు చిన్నతనమని ఇన్నొద్దులు చెప్పలే. మీ మామ పోయినంక ఆ అర్రల మంచమేసుకొని బతుకుతున్న. పిల్లలు వస్తున్నరు గనుక అది సరోజన అర్ర. పిల్లలు రాకుంటే అది మీ బాపు అర్ర. అప్పుడు నేను జనగామల మా మరిది ఇంటికి పోవాలె. ఆ ఇంట్ల హార్మోనియం పెట్టె మూత కూడ తియ్యనియ్యరు. ముండమోసినదానికి పాటలేందని మా తోడికోడలు మొకం మీదనే అన్నది. అందుకని పిల్లలు తప్పిపోకుంట చూడు. గింతే.

మీ అత్త


మానుకోట,
19 జులై 1969

అత్తా,

ఇక్కడ అంతా బాగానే ఉంది. పిల్లలందరూ వస్తున్నారు. సరళీ స్వరాలు పాడుతున్నారు. నువ్వేం పరేషాన్ కావద్దు.

ఊరికే అడుగుతున్నాను, గచ్చు మీద ఎర్రజాజుతో గీసిన గీతలు దేనితో కడిగితే పోతాయి? సున్నం గీతలు పోతున్నాయి కానీ జాజు పోవడం లేదు. ఎవరో అడిగారు.

ఇంకోటి కూడా ఊరికే. మీ చిన్నప్పుడు ఆడపిల్లలు గచ్చకాయలు ఆడేటప్పుడు ఒక కాయ పైకి ఎగరేసి, అది చేతిలో పడేలోపు కింద ఎన్ని ఏరేవాళ్లు? ఏదైనా లెక్క ఉండేదా, లేక ఎవరిష్టం వాళ్లదా?

వాన పడుతోంది. వదినని అడిగానని చెప్పు.

ఊర్మిళ


భూపాలపల్లి,
27 జులై 1969

ఊర్మిళా,

ఎవరో అడిగిన్రా? నాకు జాజు గురించి ఎవరడుగుతరో తెల్వదనుకున్నవా?

వాగు జర తీసిన నాడు మీ బావ శ్రీపాల్ ఆఫీసు జీపుల మానుకోటకు పోయిండు. నీకు కనిపియ్యలే, బయటి నుంచే చూసొచ్చిండు. వచ్చి చెప్పిన మాటలు వింటుంటే నా చేతుల పాల గిన్నె జారింది. నా అర్ర గచ్చు మీద గడులు గీసినవట. పిల్లలు ఒంటికాలు మీద కుంటుతున్నరట. నువ్వు హార్మోనియం ముందు కూసొని చిటికెలేస్తున్నవట. ఆ లక్ష్మణ్ గాడు "జై తెలంగాణ" అని ఒర్లితే తక్కినోళ్లంత "జై తెలంగాణ" అంటున్నరట, నువ్వు హార్మోనియం మీద అందిస్తున్నవట. గది సంగీతమా, ఊరేగింపా? చాయ్ హోటల్ల అప్పుడే అంటున్నరట, ప్రతాప్ పటేలు బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చి పోరగాళ్లను తయారు చేస్తందని. మీ బాపు ఎరువుల లైసెన్సు సర్కారుది. లాఠీలు పట్టుకొని పోలీసులు వీధులల్ల తిరుగుతున్నరు. నీకు భయం లేదా? నువ్వు పిల్లి మ్యావన్నా మంచం కిందికి ఉరికేదానివి.

ఇంకోటి. వాకిట్ల హమాలీ యాకయ్య బస్తాలు దించుతున్నడట. ఆ ముచ్చట నాకెందుకు రాయలే? "అంతా బాగానే ఉంది" అని రాసినవు. బాగుండుడంటే గిదేనా?

ఆ గడులు కడుగు. పిల్లలను కూసోబెట్టు. కూసొని పాడినదే పాట. ఎగురుకుంట పాడితే ఎవరు నేర్పిన్రని అడుగుతరు, నా పేరు చెప్తరు.

అత్త


మానుకోట,
3 ఆగస్టు 1969

అత్తా,

నీ ఉత్తరం చదివి ముందు భయమేసింది, తర్వాత కోపమొచ్చింది. కోపంలోనే రాస్తున్నాను. తప్పయితే తప్పే.

నువ్వు చెప్పినట్టు మూతి బిగించుకుని మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజుకి ముగ్గురే మిగిలారు. అందులో ఒకడు సంజీవ, వాడు నిద్రకి వస్తాడు. బాపు పొద్దున గుమ్మం దగ్గర నిలబడి చూసి పోయాడు. సాయంత్రానికి వాకిట్లో బస్తాలు దిగాయి. నీకు రాస్తే వదినని వదిలేసి వాగు దాటుతావని రాయలేదు. అంతే.

మా స్కూల్లో సిస్టర్ చిన్నపిల్లలకి పాట నేర్పేటప్పుడు కుర్చీల చుట్టూ పరిగెత్తించేది. మనకి కుర్చీలెక్కడివి? వీధిలో ఆడపిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుతుంటే చూసి గడులు గీశాను. మొదటి గడి స, తర్వాతది రి, అట్లా పై స దాకా. ఏ గడిలో కాలు పెడితే ఆ స్వరం పాడాలి. తప్పు పాడితే అవుట్. తప్పని నేను చెప్పను, పక్కవాళ్లే చెబుతారు. అసలు నేను చెప్పేలోపే "తప్పు తప్పు" అని మీద పడతారు. నువ్వు చెప్పినట్టు చాప మీద కూర్చోబెడితే ఒక్కరోజు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు. తాళానికి గచ్చకాయలు పెట్టాను. నిన్ను అందుకే అడిగాను, నువ్వు చెప్పలేదు.

ఇక "జై తెలంగాణ" సంగతి. నేను ఒక ముక్క పాడితే వాళ్లు తిరిగి పాడాలి, అదీ ఆట. లక్ష్మణ్ ఒకరోజు "నేను చెప్త, నువ్వు వాయించు" అన్నాడు. ఆరు నెలల నుంచి బడుల్లేక ఈ ఊరి పిల్లలు వీధిలో ఇంకేమంటున్నారు? వాడి నోటికి అదే వచ్చింది. కానీ అత్తా, "జై" స మీద పెట్టి, ఒక్క దూకుతో "తె"ని ప మీద పెట్టాడు. సరిగ్గా ప. ఇన్నాళ్లూ వాడు ప అన్నప్పుడల్లా మ దగ్గరే చతికిలబడేవాడు. అప్పుడు నోరు ముయ్యమని ఎట్లా అనను? కిటికీ వేశాను. బావకి వినిపించిందంటే సరిగ్గా వేయలేదేమో. ఇప్పుడు ఆ మాట మాన్పించాను. "బెల్లం ముక్క" అని పాడుతున్నారు. లక్ష్మణ్ అలిగాడు.

నీ మాట విని మొన్న గురువారం చాప వేసి కూర్చోబెట్టాను. చూడాల్సింది. ప దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. సమ్మక్క కూర్చున్నచోటే కాలు లేపింది. "అక్కా, గడి లేకుంటే ప ఏడుంటదో ఎట్ల తెలుస్తది?" అంది. మర్నాడు ఇద్దరు రాలేదు. మళ్లీ గడులు గీశాను.

సంజీవ వాళ్ల అమ్మ వచ్చి వాకిట్లో నిలబడి అరిచింది. "ఆడుకోనీకి మా ఇంట్ల వాకిలి లేదా? సంగీతం నేర్పుతరని తోలిస్తే చెప్పులు అరుగుతున్నయి" అంది. సంజీవని పిలిచి ఎనిమిది గడులూ తొక్కమన్నాను. తొక్కాడు. ఒక్క స్వరం తప్పలేదు. ఆవిడ ఏమందో తెలుసా? "మరి గిది కూసొని పాడరాదా?" అంది. మీ ఇద్దరికీ ఒకే జబ్బు.

ఊర్మిళ


భూపాలపల్లి,
10 ఆగస్టు 1969

ఊర్మిళా,

నిర్మలకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ మంచిగున్నరు. మోతీబాయి అని తండా నుంచి ఒక మంత్రసాని వచ్చి గట్టెక్కించింది. ముందు ఆ ముచ్చట మీ అమ్మకు చెప్పు.

నేను రాసి రెండు వారాలాయె, నీ దగ్గర నుంచి జవాబు లేదు. జవాబు రాదని నాకు సమజైంది. బస్తాలు వాకిట్ల నుంచి లోపటికి పోయినయి గావచ్చు, నాకు చెప్పలేక ఊకున్నవు. నీ మీద కోపం లేదు. పదిహేనేండ్ల పిల్ల చేతుల పెట్టి వచ్చిన, నాదే బుద్ధి తక్కువ. మా అన్న మొండిపట్టు నాకు తెల్వదా? ఏనాడన్న నా అర్ర గడప దాటి లోపటికి వచ్చిండా? ఆయనకు అది ఎప్పటి నుంచో ఖాళీ అర్రనే.

మీ బాపుకు ఒక మాట చెప్పు. నా మంచం, బట్టల పెట్టె, హార్మోనియం జనగామకు పంపియ్యుమను. పురుడు కాంగనే నేను గిటు నుంచి గిట్లనే జనగామకు పోత. మానుకోటకు వచ్చి బస్తాలు చూసుడు నాతోని కాదు.

ఇగ నీ బిళ్లలు నువ్వు తొక్కుకో. నేనేమన్న.

అత్త


మానుకోట,
17 ఆగస్టు 1969

అత్తా,

పాప పుట్టిందని అమ్మకి చెప్పాను. రెండో మాట బాపుకి చెప్పలేదు, చెప్పను. నేను మూడో తారీఖునే నాలుగు పేజీలు రాశాను. అది నీకు అందలేదంటే ఎక్కడో సంచిలో పడి ఉంది. ఒక్క వారం ఆగలేవా అత్తా? ఉత్తరం రాకపోతే అర్ర పోయిందనుకోవడమేనా? నీకన్నా లక్ష్మణ్ నయం, వాడు తప్పని తేలేదాకా అవుట్ అవడు.

అర్ర ఉంది. ఎట్లా ఉందో చెబుతాను, మధ్యలో ఏమీ అనుకోకుండా చివరిదాకా చదువు.

ఈ మధ్య కొత్త ఆట మొదలుపెట్టాను. హార్మోనియం వాయిస్తుంటే పిల్లలు గడుల్లో తిరుగుతారు. నేను ఆపగానే ఎవరు ఏ గడిలో ఉంటే అక్కడే బొమ్మల్లా నిలబడాలి. కదలకూడదు, పాడకూడదు. తమ గడి స్వరాన్ని మనసులోనే పట్టుకోవాలి. నేను మళ్లీ స వాయించగానే అందరూ ఒకేసారి ఎవరి స్వరం వాళ్లు పాడాలి. స వినకుండా కదిలినవాళ్లు ఆ రోజుకి ఇంటికే. ఇంటికి పోవడం అంటే ఇప్పుడు వాళ్లకి ఏడుపు.

నిన్న మధ్యాహ్నం లారీ వచ్చింది. వాకిట్లో జాగ లేదు, పైన మబ్బు. నేను హార్మోనియం ఆపాను, పిల్లలు బొమ్మలయ్యారు, సరిగ్గా అప్పుడే బాపు గుమ్మంలోకి వచ్చాడు. వెనక యాకయ్య, వీపు మీద బస్తా.

"జరగండ్రి" అన్నాడు బాపు.

ఎవరూ జరగలేదు.

"ఏయ్, మిమ్ములనే. బస్తా దించాలె, పక్కకు పోండ్రి."

సమ్మక్క ఒంటికాలు మీద ఉంది, కళ్లు మాత్రం బాపు వైపు తిప్పింది. లక్ష్మణ్ పెదాలు కదపకుండా, "స రాలే" అన్నాడు.

"ఏందిరా రానిది?"

"స రాలే, పటేలా. కదిలితే అవుట్."

యాకయ్య వెనక నుంచి, "పటేలా, దించుడో మోసుడో చెప్పు, నడుము పోతంది" అన్నాడు.

బాపు నా వైపు తిరిగాడు. "ఊర్మిళా, ఏందో అది వాయించు."

అత్తా, నాకు బాపుకి ఎదురు చెప్పడం రాదు. చెప్పలేదు కూడా. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పైన ఓణీ కప్పుకున్నాను. అంతే. నేనేమీ చేయలేదు. వాయించలేదు.

బాపు గడప దాటి లోపలికి వచ్చాడు. చెప్పులు విప్పి వచ్చాడు. పిల్లల మధ్య నుంచి, ఒక్కరికీ తగలకుండా పక్కపక్కకి జరుగుతూ వచ్చి, నా ఎదుట వంగి హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు రాలేదు. ఇంకోటి నొక్కాడు. రాలేదు. నల్లవి నొక్కాడు. రెండు చేతులతో నొక్కాడు. "చెడిపోయిందా ఇది?" అన్నాడు.

వెనక తిత్తి ఊదాలని బాపుకి తెలియదు అత్తా. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, నువ్వు వాయిస్తుంటే ఒక్కసారి కూడా చూడలేదు. పిల్లలకి నవ్వు ఆగడం లేదు. భుజాలు అదురుతున్నాయి, కాళ్లు మాత్రం కదపడం లేదు. బాపు వంగినవాడు వంగినట్టే నా మొహంలోకి చూశాడు. నేను తలొంచుకున్నాను.

"గాలి ఏడికెల్లి వస్తది దీనికి?" అని మెల్లగా అడిగాడు.

నేను వేలితో తిత్తి చూపించాను. ఊది చూపించలేదు. ఊదితే స వస్తుంది.

బాపు లేచి, వచ్చినట్టే పక్కపక్కకి జరుగుతూ బయటికి పోయాడు. "యాకయ్యా, బర్రె కొట్టంల దించు" అన్నాడు.

లారీ పోయిన చప్పుడు విన్నాక స వాయించాను. అందరూ పాడారు. అంతసేపయ్యాక కూడా పట్టుకునే ఉన్నారు. సంజీవ ఒక్కడు రి తగ్గించాడు, వాడి మీద అప్పుడే ముగ్గురు పడ్డారు.

ఇవాళ పొద్దున బాపు నా వైపు చూడకుండానే దుకాణానికి పోయాడు. రేపు ఏమంటాడో తెలియదు. నాకు ఇప్పటికీ భయంగానే ఉంది. నువ్వు జనగామకి పోతే మాత్రం ఇదంతా ఎవరికోసం చేసినట్టు?

ఊర్మిళ


భూపాలపల్లి,
25 ఆగస్టు 1969

ఊర్మిళా, నా తల్లీ,

నీ రెండు ఉత్తరాలు ఒక్కనాడే అందినయి. ముందుది వెనుక, వెనుకది ముందు చదివిన. నడుమ మీ బావను తిట్టిన, తరువాత నిన్ను తిట్టిన, ఆఖరికి నన్నే తిట్టుకున్న. నిర్మల నవ్వలేక కడుపు పట్టుకుంది.

వాటితోని మీ బాపు కార్డు కూడ వచ్చింది. మీ మామ పోయిన ఈ ఏడేండ్లల్ల నాకు రాసిన మొదటి కార్డు. ఇట్ల రాసిండు: "సరోజనా, బిడ్డ పుట్టినందుకు సంతోషం. నువ్వు జల్ది రా. నీ పిల్లలు నన్ను నా ఇంట్ల నడవనిస్తలేరు." గింతే. అర్ర గురించి ఒక్క ముక్క లేదు. ఉంటే నేను నమ్మకపోదును.

అన్ని బస్తాలు కొట్టంల పెడతరా ఎవరన్న? మీకు మతి ఉందా? బర్రె యూరియా నాకిందంటే చస్తది. ఇయ్యాల్నే యాకయ్యను పిలిచి అటుక మీదికి ఎక్కించుమను. మీ బాపుకు నువ్వే చెప్పు. నోటితోని చెప్పు. ఊకె చేతులు ఒళ్లె పెట్టుకుంటే బర్రెకు తెల్వదు.

వాగు తగ్గింది. పురుడు కాంగనే బయలుదేరుత, పరకాల మీదికెల్లి, మానుకోటకే. పిల్లలను కూసోబెట్టకు. ప ఏడుంటదో గడి లేకుంట ఎట్ల చెప్పాలెనో నిన్నటి నుంచి ఆలోచిస్తున్న, నాకు తెలుస్తలేదు. నాకు నేర్పినోళ్లు చెప్పలే, నేను అడగలే. వచ్చి చూస్త. కాని నాకు మోకాళ్ల నొప్పులు. ఒక్కో గడిల రెండు కాళ్లు పెట్టనిస్తరో లేదో లక్ష్మణ్‌ను అడిగి ఉంచు.

మీ అత్త
సరోజన